నిమిషానికి ఎనభై మాటలు

ధర్మపురి,
జూలై 14

అక్కా,

ఈ కాగితం ఆదివారం బావ చొక్కా జేబులో నీ దగ్గరికి వస్తుంది. దారిలో బస్సులో ఒకసారి విప్పి చూస్తాడు, నాకు తెలుసు. "మీరిద్దరూ మురుకులు పిండుకుంటా ఉండండి, నేను మోసుకుంటా ఉంటాను" అని నిన్ననే అన్నాడు. పాపం, తెలుగు నోటికే గానీ కంటికి రాదు ఆయనకు, మన అక్షరాలన్నీ మురుకుల చుట్లే. ముసలి జేజి మనిద్దరినీ గోడ క్యాలెండరు ముందు కూర్చోబెట్టి ఈ అక్షరాలు దిద్దించిన రోజుల్లో, తమిళనాడులో, ఈ ధర్మపురిలో ఇవి దేనికి పనికొస్తాయని నేను ఏడ్చేదాన్ని. ఇంట్లో ఇంకెవరూ చదవలేని ఉత్తరం రాసుకోవడంలో ఇంత సుఖం ఉందని అప్పుడు తెలియదు కదా.

నువ్వు ఫోను ఎత్తవు. గొంతుకు విశ్రాంతి ఇమ్మని వేలూరు డాక్టర్లు అన్నారని నీకు తోడున్న పెద్దమ్మ చెప్పింది. మెసేజ్ పెడితే దండం బొమ్మ ఒకటి పంపుతావు. మూడు రోజులుగా నా ఫోన్లో దండాలే. అందుకే కాగితం.

నీ క్లాసు నడుస్తోంది. నడుస్తోందంటే, కుంటుతోంది. టైపింగ్‌కు వచ్చేవాళ్ళతో చిక్కు లేదు. వస్తారు, కాగితం చుట్టి ఎక్కిస్తారు, కొట్టుకుంటారు, పోతారు. కింద కొట్లో బావ స్టీలు బిందెలు దించే చప్పుడుకూ పైన నీ మిషన్ల చప్పుడుకూ జోడీ కుదిరిపోయింది. షార్ట్‌హ్యాండ్ ఆడపిల్లలు ఆరుగురే నా ప్రాణం తీస్తున్నారు. వాళ్ళ ఎదురుగా కూర్చుని నిమిషానికి ఎనభై మాటల చొప్పున ఇంగ్లీషు పేరా చదవాలి. వాళ్ళు పెన్సిలుతో గీతలు గీసుకోవాలి. ఆ గీతలు చూసి మళ్ళీ ఇంగ్లీషు రాయాలి. నువ్వు చదువుతుంటే ఇదొక పనిలాగే కనపడేది కాదు. నేను మూడో పేరాకే బొంగురుపోతున్నాను.

నిన్న శివరంజని, పెరియంపట్టి నుంచి వచ్చే ఆ సన్నపిల్ల, ఎవరూ లేకుండా చూసి తెలుగులో చెప్పింది. నలుగురిలో తమిళమే మాట్లాడుతుంది, గమనించావా? "మిస్, మీరు పరుగెత్తుతారు, మళ్ళా దప్పికైన మాదిరి నిలబడతారు. అక్క అట్ల చదవదు."

తిట్టలేక నవ్వాను. నిజమే కాబట్టి.

రెండు నెలలంటే రెండు నెలలే ఉంటానని చెప్పాను, గుర్తుంది కదా? బెంగళూరులో మా టీమును ఎత్తేశారే తప్ప బెంగళూరును ఎత్తేయలేదు. రోజుకు నాలుగు చోట్లకు నా వివరాలు పంపుతున్నాను. నువ్వు త్వరగా గొంతు బాగుచేసుకుని రా.

నీ మధు


వేలూరు,
జూలై 20

మధూ,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. పక్క గదిలోని ఆవిడ, "ఏమిటమ్మా, కోర్టు కాగితమా?" అని పెద్దమ్మను అడిగిందట.

ఆపరేషన్ గురువారం. కణితి చిన్నదే. తీసేస్తారు, కుట్లు మానుతాయి, ఆ తర్వాత కొన్ని వారాలు కరెంటు పెడతారు, రేడియేషన్ అంటారే, అది. గాభరా పడవలసినదేమీ లేదు. నువ్వు మాత్రం రావద్దు. క్లాసు ఒక్కరోజు మూసినా పిల్లలు పక్క వీధి సెంటరు మెట్లెక్కుతారు.

ఇక డిక్టేషన్. నా పేరాల పుస్తకంలో పెన్సిలుతో అడ్డగీతలు పెట్టి ఉంచాను. ఒక గీత నుంచి ఇంకో గీతకు పావు నిమిషం. వాచీ ఎదురుగా పెట్టుకుని, గీతకు గీతకు మధ్య ఉన్నది ఆ పావు నిమిషంలో ముగించు. వెచ్చని నీళ్ళు తాగు. కాఫీ కాదు, నీళ్ళు.

వెనక వరుసలో నాలుగు పాత కంప్యూటర్లు ఉన్నాయి కదా. ఇనుప సామాను వాడు వస్తే బావ వాటిని తోసేస్తాడు, తోయనివ్వకు. నువ్వు చదివిన చదువంతా బెంగళూరు కంప్యూటర్ల మీదేనా, ముసలివాటి మీద పనిచేయదా? కాస్త దులుపు.

పిల్లలకు నేను దీపావళికి వస్తానని చెప్పు.

అక్క


ధర్మపురి,
ఆగస్టు 9

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని బావ చెప్పాడు. చెప్పి వెంటనే కొట్లో పని ఉందని దిగిపోయాడు. నువ్వు రెండు వాక్యాలైనా రాసి పంపకూడదూ? సరే, చేతికి సూదులు గుచ్చి ఉంటారు. నువ్వు నవ్వడానికి ఒక కథ చెబుతాను.

వెనక వరుసలో మూలన ఉన్నదాన్ని దులిపాను. ఆన్ చేసి, కిందికి దిగి టీ తాగి వస్తే అప్పటికి లేచి కూర్చుంటుంది. నేను బెంగళూరులో వాడిన కంప్యూటర్లు దీన్ని చూస్తే లేచి సీటిస్తాయి, బస్సులో ముసలివాళ్ళకు ఇచ్చినట్టు. ఇంటర్నెట్ లేదు. కానీ నోట్‌పాడ్ ఉంది. చిట్టీ రాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని అందరూ అనుకుంటారే, అది. అందులో నాలుగు వరుసల స్క్రిప్టు, అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలు, రాసి, స్క్రిప్టు అని కంప్యూటరుకు తెలిసేలా పేరు పెట్టి, ఆ పేరు మీద రెండుసార్లు నొక్కితే ఆ పెట్టె మాట్లాడుతుంది! ఇన్నేళ్ళూ దాని లోపల ఒక మగగొంతు కూర్చుని ఉంది అక్కా. ఎవరూ పిలవలేదు, వాడూ పలకలేదు.

మొదటిరోజు పలకలేదులే. నొక్కితే, నేను రాసిన వరుసలనే నాకు తెరిచి చూపించింది. నోట్‌పాడ్ నాతో చెప్పకుండా పేరు చివర '.txt' అని తన తోక ఒకటి తగిలించిందన్నమాట. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి సేవ్ చేస్తేనే ఆ తోక రాదు. రెండోరోజు ఫలానా వరుసలో తప్పుందని ఒక చిన్న పెట్టె లేచింది, అచ్చం నువ్వు ఎర్ర సిరాతో సున్నా చుట్టినట్టు. మూడోరోజు మాట్లాడింది.

ముందుగా, "రండమ్మా, కూర్చోండి" అనిపిద్దామని ఇంగ్లీషు అక్షరాలతో రాసి పెట్టాను. లండన్‌లో తప్పిపోయిన మనిషి ఆకలేసి అడుక్కుంటున్నట్టు వచ్చింది. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. బావ మెట్లెక్కి వచ్చేశాడు.

"ఎవుడు మధూ పైన? ఆడపిల్లల క్లాసులో మొగోనికి ఏమి పని?"

"కంప్యూటరు బావా."

"కంప్యూటరుకు మొగగొంతు పెట్టినోడెవుడు?"

సౌండు తగ్గించాను.

అసలు తమాషా ఇది కాదు. నీ పుస్తకంలోని పేరాను గీతలతో సహా చక్కగా నోట్‌పాడ్‌లో కొట్టి పెట్టాను. స్క్రిప్టు చదవడం మొదలుపెట్టింది. గీత వచ్చిన ప్రతిచోటా "స్లాష్" అని గట్టిగా పలికింది! "సర్, తమరి ఉత్తరం అందినదని... స్లాష్! తగిన చర్య తీసుకోవలసినదని... స్లాష్!" నేను ఆపేలోపు పేరా సగమైంది. చూస్తే ఆరుగురూ తలెత్తకుండా రాసేశారు, స్లాషులతో సహా. తిరగరాసిన కాగితాల్లోనూ స్లాషులే.

"అది అర్థం లేని మాట అని తెలియలేదా శివరంజనీ?" అన్నాను.

"విన్నది రాయాల, యోచన చేయకూడదు అని అక్క చెప్పింది కదా మిస్. గవర్నమెంటు ఉత్తరంలో ఏమేమో ఉంటాది, మనకేమి తెలుసు?"

చూశావా నీ శిక్షణ!

ఇప్పుడు సరిచేశాను. స్క్రిప్టు నీ గీత దగ్గర ఆగుతుంది, పావు నిమిషం నిండేదాకా చూస్తుంది, మళ్ళీ చదువుతుంది. నీ గీతలే, నీ లెక్కే. దానికి గొంతు పూడదు, దప్పిక వేయదు, జలుబు రాదు. ఇక ఈ క్లాసుకు మనిషే అక్కర్లేదు అక్కా! నువ్వు దీపావళి కాదు, సంక్రాంతి కాదు, ఎప్పుడైనా నిదానంగా రా.

నీ మధు


వేలూరు,
ఆగస్టు 17

మధుమితకు,

ఉత్తరం అందింది. స్క్రిప్టు బాగుంది.

మీ బావ పై గదిని పాత్రల గోడౌనుకు వాడుకోవాలని అనుకుంటున్నాడు. ఫిబ్రవరి పరీక్ష కాగానే తీసుకోమన్నాను. మనిషి అక్కర్లేదు కాబట్టి అంతవరకూ ఇబ్బంది ఉండదు. మిషన్లకు మూతలు వేసి ఉంచు.

నీకు ఉద్యోగం వస్తే పో. నా కోసం ఆగవద్దు.

అలమేలుమంగ


ధర్మపురి,
ఆగస్టు 25

అక్కా,

అలమేలుమంగ ఎవరు? నాకు ఆవిడ తెలియదు. నేను మా అక్కకు రాస్తున్నాను, ఆవిడ కాగితం కింద ఎప్పుడూ అక్క అని రాస్తుంది.

మంగళవారం బావ టేపు పట్టుకుని పైకి వచ్చాడు. గోడ నుంచి గోడకు కొలుస్తున్నాడు. షార్ట్‌హ్యాండ్ పిల్లలు బెంచీలు జరుపుతూ ఆయనకు దారి ఇస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవురడిగినారు బావా నిన్ను?"

"మీ అక్కే చెప్పింది. ఇంక దాన్ని కష్టపెట్టొద్దు మధూ."

"క్లాసు దానికి కష్టమా?"

ఆయన నా మొహం చూడలేదు. టేపు వదిలేస్తే అది సర్రుమని డబ్బాలోకి దూరింది. బావ అబద్ధం చెప్పేటప్పుడు చేతిలో ఉన్నదాన్ని చూస్తాడు. మీ పెళ్ళి చూపుల నాడే కనిపెట్టాను, అప్పుడు నాకు పదేళ్ళు. మీరిద్దరూ ఏం దాస్తున్నారు?

ఇంకో మాట. స్క్రిప్టు బాగాలేదు. నువ్వు బాగుందన్నావు కానీ బాగాలేదు. అది తప్పుగా చదవడం లేదు, గడియారం పెట్టి చూశాను, ఎనభై అంటే ఎనభై. అయినా పిల్లల తప్పులు వారంవారం పెరుగుతున్నాయి. నేను వెనక నిలబడి చూశాను. అది చదివేటప్పుడు ఆరు తలలూ ఎవరో మొట్టబోతున్నట్టు దించుకుని ఉంటాయి. ఒక్క మాట జారిందంటే ఆ పిల్ల ఇక గీత దాకా పెన్సిలు ఎత్తి కూర్చుంటుంది. శివరంజని పోయిన వారం మధ్యలో పెన్సిలు కింద పెట్టేసింది. "అది మనల్ని చూడదు మిస్" అంది. అంతే. ఆ మర్నాటి నుంచి రావడం లేదు. పరీక్ష వద్దందట. వాళ్ళమ్మతో సిమెంటు పనికి పోతోందని పిల్లలు చెప్పారు.

నువ్వేం చేస్తావు చదివేటప్పుడు? గీతలు అవే, పేరాలు అవే. నువ్వు చేసేది, అది చేయనిది ఏమిటి? రాయి. నన్ను తిట్టాలంటే తిట్టు, కానీ ఇది రాయి.

నాకొక ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం రావచ్చు. ఆ స్క్రిప్టు నేను పోవడానికి రాసుకున్నానేమో అక్కా, కాదనను. నువ్వు పోవడానికి రాయలేదు.

మధు


వేలూరు,
సెప్టెంబరు 7

మధూ,

ఇది రాయడానికి కాగితం నాలుగుసార్లు తీశాను.

కణితి చిన్నది కాదు. గొంతులోని మాటపెట్టెను, స్వరపేటికను, పూర్తిగా తీసేశారు. ఆపరేషనుకు ముందే నాకు తెలుసు, సంతకం చేసింది నేనే. బావను నీకు చెప్పవద్దన్నదీ నేనే, ఆయన మీద కోపం పెట్టుకోకు. మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం ఉంది. ఊపిరి అందులోంచే. దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను, గాలి వచ్చేది అక్కడి నుంచి కాదని తర్వాత గుర్తొస్తుంది. పెద్దమ్మను పిలవాలంటే చప్పట్లు కొడతాను. మొదటి రెండు రోజులు ఆమె ప్రతిసారీ ఏడ్చింది, ఇప్పుడు "వస్తా ఉండు తల్లీ, సినిమానా ఏమి, ఊరికే చప్పట్లు కొడతావు" అని కసురుతోంది. అది నయం.

గొంతుకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి చూపించారు. సీసాలో పడిన తుమ్మెదలా పలికింది. అభ్యాసం చేస్తే ఇంట్లో మాటలకు సరిపోతుందన్నారు. చేస్తానేమో. ఎనభై మాత్రం చదవలేను.

నీ స్క్రిప్టు ఉత్తరం కుట్లు విప్పిన రోజున వచ్చింది. దప్పిక వేయదు, మనిషి అక్కర్లేదు అని రాశావు. నీకు తెలియక రాశావని తెలుసు. అయినా గుచ్చుకుంది. సంతకం అలా వచ్చేసింది.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇంతవరకు ఎవరూ అడగలేదు, అందుకని నేనూ ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు. నేను గడియారం చూసి చదవను మధూ. గడియారం ఎటూ చెవిలో ఉంటుంది. నేను పెన్సిళ్ళు చూస్తాను. ఆరింటిలో అన్నిటికంటే వెనకబడ్డ పెన్సిలు మీద ఉంటుంది నా కన్ను. అది మాట ముగించి కాగితం మీంచి లేచేదాకా సగం ఊపిరి ఆగుతాను. ఆగిన ఆ కాస్త సమయాన్ని తర్వాత వచ్చే తేలిక మాటల్లో పరుగెత్తి పూడుస్తాను. గీత దగ్గరికి వచ్చేసరికి లెక్క సరిపోతుంది. పిల్లకు నేను ఆగినట్టు తెలియదు, తనకే వేగం వచ్చిందనుకుంటుంది. అనుకుంటే వస్తుంది కూడా. జనవరి నుంచి కొంచెం కొంచెంగా ఆగడం మానేస్తాను. పరీక్ష నాటికి ఎవరి కోసమూ ఆగను.

శివరంజని సెలవు రోజుల్లో ఎప్పుడూ సిమెంటు పనికి పోతుంది, కొత్తేమీ కాదు. వేళ్ళు బిరుసెక్కి పేజీ చిక్కదు. రెండు కాగితాలు కలిసి తిరుగుతాయి. ఆమె పేజీ చివరికి వచ్చినప్పుడు ఆగాలి. మనిషిని పంపి ఆ పిల్లను పిలిపించు. పరీక్ష రాయాల్సిన చెయ్యి అది.

నేను మాత్రం పైకి రాను. రోజంతా మాట్లాడిన చోట మూగగా కూర్చోలేను. ఆరుగురు ఆడపిల్లలు జాలిగా చూస్తుంటే ఎటు చూడాలి నేను? గది బావకే ఇచ్చేయనీ.

అక్క


ధర్మపురి,
సెప్టెంబరు 21

అక్కా,

ఏడవాల్సింది ఏడ్చేశాను. ఇందులో రాయను. పని సంగతి రాస్తాను.

స్క్రిప్టులోంచి గడియారం తీసేశాను. నోట్‌పాడ్ తెరిచి, పావు నిమిషం లెక్క చూసే వరుసలన్నీ తుడిచేశాను. ఇప్పుడు పేరాను గీతల దగ్గర కాదు, రెండు మూడు మాటల ముక్కలుగా విరిచి పెట్టాలి. ఒక ముక్క చదివి ఆగిపోతుంది. నల్లటి తెర, అందులో మెరిసే చుక్క, అంతే. ఎంటర్ నొక్కేదాకా కదలదు. నొక్కితే తర్వాతి ముక్క. ఎప్పుడు నొక్కాలో దానికి తెలియదు. కూర్చున్నవాళ్ళకు తెలియాలి.

నేను కూర్చుని చూశాను. పేరా అయ్యాక ఒక పిల్ల ఏమందో తెలుసా? "మిస్, ఇప్పుడు కంప్యూటరు కూడా మీ మాదిరే చదువుతాది, పరుగెత్తి నిలబడి." గొంతు వాడిదే అక్కా, చదువు నాది. అప్పుడు అర్థమైంది నాకు, సరైనదే రాశానని. నువ్వు నొక్కితే నువ్వు చదివినట్టు ఉంటుంది.

ఎక్కడ విరవాలో నాకు తెలియడం లేదు. నాకు తోచినట్టు ఒక పేరా విరిచి ప్రింటు తీసి ఇందులో పెట్టాను. తప్పులుంటాయి. దిద్ది పంపు.

పెరియంపట్టికి మనిషిని పంపలేదు, నేనే పోయాను. ఇంట్లో లేరు. కలెక్టరాఫీసు వెనక కడుతున్న ఇంటి దగ్గర దొరికారు. వాళ్ళమ్మ పచ్చయమ్మాళ్ తలమీది గంప దించకుండానే అడిగింది.

"కంప్యూటరు నా బిడ్డను తిట్టిందంట కదమ్మా?"

"తిట్టలేదు పిన్నమ్మా. ఆగలేదు, అంతే."

"ఆగకపోతే తిట్టినట్టే కదా!"

శివరంజని ఇసుక జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది. నువ్వు ఆమె పేజీ తిప్పేటప్పుడు ఆగేదానివని చెప్పాను. ఆ పిల్ల తన వేళ్ళు చూసుకుంది. "నాకు స్పీడు వచ్చేసిందనుకున్నాను మిస్" అంది. కోపంగా అంది, అయినా మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది.

బావతోనూ మాట్లాడాను. "గోడౌను ఎవురి కోసం బావా?" అంటే, "దాని కోసమే. మెట్లెక్కి ఆ మిషన్లు చూసి ఏడుస్తాది కదా" అన్నాడు. "ఏడిస్తే ఏడవనీ. పైన ఏడ్చి కిందికి దిగుతాది" అన్నాను. చాలాసేపు ఒక గిన్నె తుడిచాడు. "సరి పో, టేపు ఎత్తిపెడతాను" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. అక్టోబరు మొదటి వారంలో చేరాలి. నువ్వు ఊరికి వచ్చేలోపే పోతున్నాను, కావాలనే. నేనిక్కడ ఉంటే ఎంటర్ నన్నే నొక్కమంటావు. నువ్వు వచ్చేదాకా పిల్లలే వంతులేసుకుని నొక్కుకుంటారు. ఆ తర్వాత క్లాసు మూస్తావో నడుపుతావో, నీ ఇష్టం. పిల్లలకు నీ సంగతి చెప్పలేదు. చెప్పమంటావా?

నీ మధు


వేలూరు,
సెప్టెంబరు 28

మధూ,

నువ్వు విరిచిన పేరాను చూసి పెద్దమ్మ ఎర్ర పెన్ను కోసం కింద దుకాణానికి పోవాల్సి వచ్చింది. "ఐ హావ్ ద ఆనర్ టు" ను రెండు ముక్కలు చేస్తావా? షార్ట్‌హ్యాండ్‌లో అదంతా కలిపి ఒక్కటే గీత, ఒక్కటే ఊపిరి. మధ్యలో విరిస్తే పిల్ల పెన్సిలు గాల్లో ఉండిపోతుంది. మొత్తం దిద్దాను. ఊరుకోలేక ఇంకో నాలుగు పేరాలు కూడా విరిచాను. వాటిని కొట్టి పెట్టి పో.

పిల్లలకు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, రంధ్రం సంగతితో సహా. పడాల్సిన జాలి ఏదో నేను రాకముందే పడేయమను.

వస్తానని నేను అనలేదు. నువ్వు తప్పుగా విరిచావని అంటున్నాను.

అక్క


ధర్మపురి,
అక్టోబరు 26

బెంగళూరులో ఉన్న చెల్లికి,

నీ కొత్త ఆఫీసు గురించి నువ్వు రాసిన రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ క్యాంటీను గురించే ఉంది. మంచిదే, తిను.

పైకి పోయాను. పది రోజులు ఆలస్యంగా చెబుతున్నాను, ఏమవుతుందో చూసి రాద్దామని ఆగాను. మెడకు పలుచని నూలుగుడ్డ కట్టుకుని ఎక్కాను. సగం మెట్ల మీద ఊపిరాడక నిలబడితే బావ కింది నుంచి చూస్తున్నాడు, నేను చూడగానే బిందెలు సర్దడం మొదలుపెట్టాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. నువ్వు చెప్పి ఉంచావు కాబట్టి ఎవరూ ఏడవలేదు. ఒకతె మాత్రం గుడ్డ వంకే చూస్తుంటే శివరంజని మోచేత్తో పొడిచింది.

మూల కంప్యూటరును బెంచీల ఎదురుగా తెచ్చి పెట్టించావు కదా, దాని ముందు కూర్చున్నాను. తెర చూడలేదు, పెన్సిళ్ళు చూశాను. మొదటి ఎంటర్‌ను వేలితో తడుముకుని నొక్కాను. రెండో పేరాకు వేలు సంగతి మరిచిపోయాను. శివరంజని పేజీ చివరికి వచ్చింది, నేను ఆగాను. ఈసారి ఆ పిల్లకు తెలుసు. "పొండి అక్కా, నేను పట్టుకుంటాను" అంది, తల ఎత్తకుండా.

మూడు రోజులు అలా సాగింది. నాలుగోరోజు, పేరా మధ్యలో, కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, తెర ఆరిపోయింది, వాడి గొంతు సగం మాటలో తెగింది. ఆరు పెన్సిళ్ళు గాల్లో ఉన్నాయి. నేను ఏం చేశానో తెలుసా? నోరు తెరిచాను. ఇన్నేళ్ళ అలవాటు, తర్వాతి ముక్క నా నాలుక మీదికి వచ్చేసింది. గుడ్డ కింద నుంచి ఉఫ్ మని గాలి మాత్రం వచ్చింది. గది అంతా వినపడింది. నేను దేనికి భయపడి రానన్నానో అదే జరిగింది మధూ, అందరి ముందూ, చప్పుడుతో సహా.

దిగిపోదామని లేచాను. లేస్తే పెన్సిళ్ళు కనపడ్డాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. ఎక్కడ తెగిందో అక్కడే పట్టుకుని కూర్చున్నారు, నేనే నేర్పిన మొండితనం. పేరా ఇంకా సగం ఉంది.

ప్రింటు కాగితం తీసి శివరంజని చేతిలో పెట్టాను. చదవమని సైగ చేశాను.

"నేనా అక్కా? నాకు ఇంగ్లీషు నోరు తిరగదు."

బల్ల మీద వేలితో ఒకసారి కొట్టాను. పిల్ల ఒక ముక్క చదివింది. ఇంకోసారి కొట్టాను, ఇంకో ముక్క. ఒకచోట భయంతో పరుగెత్తబోయింది, అరచెయ్యి బల్ల మీద పరిచాను, ఆగింది. వెనకబడ్డ పెన్సిలు లేచేదాకా వేలు ఎత్తి పట్టుకున్నాను, లేవగానే కొట్టాను. తేలిక మాటలకు వేలు పరుగెత్తించాను, నోరు తిరగదన్న పిల్ల నోరు నా వేలి వెంట పరుగెత్తింది. నా డిక్టేషనే మధూ. గొంతు మాత్రం పెరియంపట్టిది.

మధ్యలో ఫ్యాను తిరగడం మొదలైంది. ఎవరూ తల ఎత్తలేదు. బావ మెట్ల మీదికి వచ్చి, "కరెంటు వచ్చేసింది కదా, ఇంకా ఎవురు చదివేది?" అన్నాడు. పిల్లలు ఆరుగురూ ఒక్కసారే "ఉష్" అన్నారు. కొట్టు యజమాని, తన మెట్ల మీద తానే బొమ్మలా నిలబడిపోయాడు పేరా అయ్యేదాకా.

ఇప్పుడు రోజుకు ఒకతె చదవాలని నియమం పెట్టాను, మిగిలిన పేరాలు కంప్యూటరువి. చదివిన పిల్లకు ఊపిరి ఎక్కడ విరగాలో తెలుస్తోంది, రాసేటప్పుడు పనికొస్తోంది. గోడౌను మాట బావ ఎత్తడం లేదు. వెనక బెంచీ కింద రెండు పెద్ద గుండిగలు చేరాయి, చూసీ చూడనట్టు ఉన్నాను.

నీ స్క్రిప్టులో ఒక లోపం ఉంది. కరెంటు పోయి వచ్చాక మళ్ళీ నొక్కితే మొదటి నుంచి "సర్" అని ఎత్తుకుంటుంది. పిల్లలు నవ్వి చస్తున్నారు. నోట్‌పాడ్‌లో తెరిచి చూశాను, కొన్ని వరుసలు అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. ఏమీ ముట్టుకోకుండా మూసేశాను. ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాలంటే ఏం రాయాలో కాగితం మీద రాసి పంపు, కొటేషన్లతో సహా, చుక్క పొల్లు పోకుండా. నువ్వు రానక్కర్లేదు, ఎవరినీ పంపనక్కర్లేదు. టైపింగ్ నేర్పి బతికేదాన్ని, ఆ నాలుగు వరుసలు నేనే కొట్టుకుంటాను.

అక్క